మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళు

ట్రైనింగు కాలేజీ ఆవరణలో ఉన్న ఆ నమూనా పాఠశాలకు ఒక పేరుంది. అక్కడ ఏ కొత్త చదువూ ఫెయిలవదు. దేశంలో పాఠ్యప్రణాళిక మారినప్పుడల్లా, కొత్త పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు కమిటీవాళ్ళు ఆ బడికొచ్చి, పిల్లల ముందు నిలబడి ఒక పాఠం చెప్పి చూస్తారు. దాన్ని ప్రయోగ పాఠం అంటారు. పిల్లలకు అర్థమైతే పుస్తకం దేశమంతా వెళుతుంది. అర్థం కాకపోతే రాసినవాళ్ళ చేతికి తిరిగి వెళుతుంది. ఇంతవరకూ ఏదీ తిరిగి వెళ్ళలేదు.

ఆ విజయాలన్నీ స్టాఫ్ రూములో ఒక గాజు బీరువాలో కొలువుదీరి ఉంటాయి. పై అరలో రంగు కర్రలు. లెక్కలను కర్రలతోనే నేర్పాలన్న కాలం నాటివి. దాని కింద పూసల పెట్టె. కర్రలు పనికిరావు, పూసలే దిక్కు అన్న కాలం నాటిది. ఆ కింద పాటల క్యాసెట్లు, ఆ కింద చదువు నేర్పే అట్టముక్కల పెట్టె. ఒక్కో అరకు ఒక్కో అట్ట అంటించి ఉంది, దాని మీద గుండ్రటి అక్షరాల్లో ‘ప్రయోగం విజయవంతం’ అని రాసి ఉంది. అన్నిటికన్నా కింది అర ఖాళీ. హెడ్మాస్టరు వారానికోసారి బీరువా తుడుస్తాడు, ఖాళీ అరను కూడా వదలడు. ఈ ఏడాది చివర ఆయన రిటైరవుతున్నాడు. ఆ ఒక్క అరా నింపేసి వెళ్ళాలని ఆయన కోరిక.

సోమవారం పొద్దున ఆయన బీరువా తుడుస్తూనే మూడో తరగతి టీచరును పిలిచాడు.

“అమ్మా, గురువారం కమిటీ వస్తోంది. ఈసారి మీ క్లాసే. లెక్కలు. భిన్నాలు.”

టీచరు ఆ బడికి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. ప్రయోగ పాఠం ఆమె ఎప్పుడూ చూడలేదు. “నేనేం సిద్ధం చెయ్యాలండీ?” అని అడిగింది.

“మీరేం కంగారు పడకండి. మన బడికి ఒక పద్ధతుంది. గురువారం వాళ్ళు చెప్పే పాఠం బుధవారమే మనం ఒకసారి చెప్పేస్తాం. నేనే చెప్తాను. పిల్లలు బెదరకుండా ఉంటారు.” ఆయన గుడ్డ దులిపి మళ్ళీ అందుకున్నాడు. “ఇక మీ వెనక బెంచీవాళ్ళు నలుగురున్నారు కదా, ఆ నిదానం అనే పిల్ల, ఇంకో ముగ్గురు. వాళ్ళకి బుధ, గురువారాలు తోటపని. మొక్కలకి నీళ్ళు పోస్తారు.”

“పాఠానికి రారా అండీ?”

“ఎందుకమ్మా వాళ్ళని అవస్థ పెట్టడం? పెద్దవాళ్ళు ప్రశ్న వేస్తే పాపం నోరు పెగలదు. చెట్ల దగ్గరైతే హాయిగా ఉంటారు. ఎప్పట్నుంచో మనకిది అలవాటే.”

ఆయన ఈ మాటల్లో ఎక్కడా కోపం లేదు, చిన్నచూపు కూడా లేదు. నిజంగా జాలిపడే చెప్పాడు. ఆమె చూపు నాలుగో అరలో ఉన్న అట్టముక్కల పెట్టె మీద ఆగిపోయింది. ఆ పెట్టె ఆమెకు తెలుసు. బస్సులు ఆగిపోయే చోట, మట్టిరోడ్డు చివర, ఆమె అంతకుముందు పనిచేసిన బడికి అచ్చం అలాంటి పెట్టెలే వచ్చాయి. ఆ అట్టముక్కలతో ఏడాదంతా గుద్దులాడినా అక్కడి పిల్లలకు నాలుగు ముక్కలు చదవడం రాలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ‘నమూనా పాఠశాలలో పిల్లలు గడగడా చదివేశారు, ఇక్కడ మీరేం చేస్తున్నారు?’ అని అందరి ముందూ అడిగాడు. ఆడలేక మద్దెల ఓడు అనకండి అని కూడా అన్నాడు. ఆ రోజు ఆమె తల దించుకుంది. పిల్లలూ దించుకున్నారు. ఇప్పుడు ఆ పెట్టె ముందు నిలబడి, ఆ పాఠం రోజున ఇక్కడ మొక్కలకు నీళ్ళు పోసింది ఎవరో అనుకుంది.

*

బడి గోడకు ఆనుకుని ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. దాని యజమానురాలు నిదానం తల్లి. ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది హెడ్మాస్టరే. ఏదడిగినా కాసేపు ఆలోచించి గానీ బదులివ్వదని. మెట్ల కింద గోడ మీద పెద్ద అక్షరాలతో ‘నిదానమే ప్రధానం’ అని రాయించింది కూడా ఆయనే, కానీ అది మెట్లు దిగేవాళ్ళకు మాత్రమే వర్తిస్తుంది.

మంగళవారం సాయంత్రం టీచరు మడతపెట్టిన బట్టల మూట తీసుకుంటుంటే ఇస్త్రీ ఆమె పెట్టె పక్కన పెట్టి అడిగింది.

“టీచరమ్మగారూ, గురువారానికి మా పిల్ల యూనిఫారం ఇస్త్రీ చెయ్యనా, వద్దా?”

“అదేంటక్కా, అలా అడుగుతున్నావు?”

“నీళ్ళు పొయ్యడానికైతే ఇస్త్రీ దండగ కదండీ. ఎలాగూ తడిసిపోతుంది.”

ఇస్త్రీ ఆమె ఒక చొక్కా కాలరు తిప్పి, వేలితో సాపు చేసి, మళ్ళీ పెట్టె అందుకుంది. “పోయినేడు కూడా ఎవరో పెద్దవాళ్ళొచ్చారు. అప్పుడూ నీళ్ళే పోసింది. ఇంటికొచ్చి ‘అమ్మా, నేను బాగా పోశానని మెచ్చుకున్నారు’ అంది. నేనేం చెప్పను? ఇంటికి చుట్టాలొస్తే విరిగిన కుర్చీ లోపలి గదిలో పెట్టేస్తాం. అది కుర్చీకి తెలీదు కాబట్టి సరిపోయింది. ఇది పిల్లండీ. ఇవాళ కాకపోతే రేపైనా తెలుస్తుంది.”

ఆమె గొంతు పెంచలేదు. ఇస్త్రీ పెట్టె మాత్రం ఆ చొక్కా మీద అవసరానికి మించి రెండుసార్లు ఎక్కువ తిరిగింది. టీచరుకు సిగ్గు ముంచుకొచ్చింది. “రేపు చెప్తాను అక్కా” అని మాత్రం అనగలిగింది.

ఇంట్లో ఆ మాట కదిపితే, కాళ్ళు కడుక్కుంటున్న భర్త పంపు కట్టేసి విన్నాడు. అతను సిటీ బస్సు నడుపుతాడు. “మీ హెడ్మాస్టరు మాట కాదంటే మళ్ళీ ఆ మట్టిరోడ్డు చివరికే వేస్తారు. అటు నా బస్సు పోదు, ముందే చెప్తున్నా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, రోజూ రెండు బస్సులు మారి వెళ్ళిన ఆ ఏళ్ళు ఇద్దరికీ గుర్తే.

అత్తగారు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆవిడ ఏనాడూ బడి మొహం చూడలేదు, కానీ బడి సంగతి వచ్చిందంటే చెవులు రిక్కిస్తుంది.

“ఇంతకీ వచ్చేవాళ్ళు ఏం చూడ్డానికి వస్తున్నారే?”

“పాఠం పిల్లలకి అర్థమవుతుందో లేదో చూడ్డానికి అత్తయ్యా.”

“మరి అర్థంకాని పిల్లల్ని దాచేస్తే వాళ్ళకెలా తెలుస్తుంది? మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే జ్వరం ఉన్నవాడికి కదా ఇవ్వాలి? ఒంట్లో బాగున్నవాడికిచ్చి, చూశారా, జ్వరం లేదంటే ఎలా?” అని ఒక కాయ విరిచి పళ్ళెంలో పడేసింది. “పైన పటారం, లోన లొటారం. పెద్ద చదువులు.”

భర్త టవలుతో ముఖం తుడుచుకుంటూ తల్లి వైపూ భార్య వైపూ చూశాడు. “సరే, బస్సు అటు పోదు గానీ, మన పాత సైకిలుందిగా. దింపుతాలే” అన్నాడు. టీచరుకు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

*

బుధవారం హెడ్మాస్టరు మూడో తరగతిలో నిలబడితే చూడముచ్చటగానే ఉంది. ఆయన చెయ్యి గాల్లోకి లేస్తే ముప్ఫైమంది పిల్లల వెన్నులు ఒకేసారి నిటారయ్యాయి. పాఠం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదివాడు. గుండ్రం బొమ్మ, మధ్యలో గీతలు, పక్కన అంకెలు. ప్రతి వాక్యం తరవాతా “అర్థమైందా?” అని చెయ్యెత్తుతాడు. చెయ్యి దిగేలోగా క్లాసంతా “అర్థమై...యిందండీ!” అని రాగం తీస్తుంది. ఆ రాగానికి ముందు గొంతు మొదటి బెంచీలో కూర్చునే మైకుది. వాడికి పిల్లలే ఆ పేరు పెట్టారు. వాడు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఈ బడిలో చేరిన మొదటి వారంలోనే నేర్పేది ఆ రాగమే, అక్షరాలు తరవాత.

“కింది అంకె పెరిగితే భిన్నం తగ్గును. అర్థమైందా?”

“అర్థమై...యిందండీ!”

కిటికీ అవతల నలుగురు పిల్లలు మగ్గులతో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. ముగ్గురు ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటున్నారు. నిదానం మాత్రం కిటికీకి దగ్గరగా ఉన్న మొక్కనే పట్టుకుంది. చెవులు లోపల, చేతులు బయట. మగ్గు ఖాళీ అయితే నింపుకొచ్చి మళ్ళీ దానికే పోస్తోంది. పాదు నిండి, గట్టు తెగి, నీళ్ళు అరుగు మీదికొచ్చాయి. “ఏయ్ నిదానం, దాన్ని ఈత నేర్చుకోమంటావా?” అని హెడ్మాస్టరు లోపల్నుంచే కేకేశాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మగ్గు పట్టుకుని గబగబా ఇంకో మొక్క దగ్గరికి వెళ్ళిపోయింది, వెళుతూ వెళుతూ ఒకసారి బోర్డు వైపు చూసింది. ఆ చూపు టీచరును సూటిగా తాకింది.

హెడ్మాస్టరు తృప్తిగా చేతుల సుద్ద దులుపుకుని వెళ్ళిపోయాక టీచరు మైకును లేపింది.

“కింది అంకె పెరిగితే భిన్నం ఎందుకు తగ్గుతుంది నాన్నా?”

వాడు తడుముకోలేదు. “తగ్గును కాబట్టి తగ్గుతుందండీ!”

“అర్థమైందా?” అని ఆమె మామూలుగా, చెయ్యెత్తకుండా, క్లాసును అడిగింది.

“అర్థమై...యిందండీ!”

ఈ బడి పైన దేశమంతా నిలబడి ఉందనీ, ఈ రాగం విని ఊరూరికీ పంపిన అట్టముక్కల పెట్టెలతోనే తన మట్టిరోడ్డు పిల్లలు తల దించుకున్నారనీ ఆమెకు ఆ క్షణాన స్పష్టంగా తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం బడి విడిచాక ఆమె బిందె పట్టుకుని తోటలో ప్రతి మొక్కకూ తనే నీళ్ళు పోసింది. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి, బండి అవతల నిలబడ్డ మనిషితో ఒక్క మాట చెప్పింది.

“ఇస్త్రీ చెయ్యి అక్కా.”

*

గురువారం నిదానం వేసుకొచ్చిన యూనిఫారం మడతలు చూస్తే వేలు తెగుతుందేమో అనిపించింది. తల్లి తన చేతిలో ఉన్న విద్యంతా ఆ ఒక్క గౌనుకే పెట్టేసింది. ఆ పిల్ల నలగకుండా మెల్లగా నడిచొచ్చి, బెంచీ మీద అంచునే కూర్చుంది. మిగతా ముగ్గురూ పక్కనే సర్దుకున్నారు.

హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చి వెనక బెంచీ చూసి ఆగిపోయాడు.

“అమ్మా, మొక్కలకి నీళ్ళు...”

“నిన్న సాయంత్రం నేను పోసేశానండీ. ఇవాళ అక్కర్లేదు.”

“అన్నిటికీనా?”

“అన్నిటికీనండీ. ఒక్కటీ వదల్లేదు.”

ఆయన ఏదో అనబోయాడు. గేటు దగ్గర కార్లు ఆగిన చప్పుడైంది. ఇక చేసేదేమీ లేక రుమాలుతో మెడ తుడుచుకుని పరుగెత్తాడు. 

కమిటీలో నలుగురొచ్చారు. ముందు అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. వెనక కాగితాలతో ఇద్దరు. చివర్న పుస్తకం రాసినాయన, చంకలో చుట్ట చుట్టిన పెద్ద పటంతో. మూడేళ్ళు తిండీ నిద్రా మాని రాసిన పుస్తకమది. కొత్త పెళ్ళికొడుకులా ఆయన ముఖంలో వెలుగూ కంగారూ ఒకేచోట కనిపిస్తున్నాయి. అధ్యక్షురాలు పక్కన వేసిన కుర్చీలో కూర్చుని కలం తీసింది.

ఆయన పటాన్ని బోర్డు మీది మేకుకు తగిలించాడు. మడతలు పడకుండా దాని మీద మందపాటి కాగితం కప్పి తెచ్చాడు. ఆ కాగితం తియ్యాలన్న సంగతి ఆ హడావుడిలో మరిచిపోయాడు. వెనక్కి తిరిగి, వెనక బెంచీల వైపు చెయ్యెత్తి అడిగాడు.

“వెనకవాళ్ళకి బొమ్మ కనిపిస్తోందా?”

పైకెత్తిన చెయ్యి చూడగానే మైకు గొంతు తనంతట తనే లేచింది. దాని వెనక క్లాసంతా లేచింది.

“అర్థమై...యిందండీ!”

హెడ్మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. అధ్యక్షురాలి కలం కాగితం మీదే ఆగింది. పుస్తకం రాసినాయన ఇంకా ఏమీ గమనించలేదు, నవ్వుతూ బొమ్మ చూపించడానికి బెత్తం అందుకుంటున్నాడు. అప్పుడు వెనక బెంచీ కిర్రుమంది. నిదానం లేచి నిలబడింది. ఎప్పటిలాగే కాసేపు ఆలోచించింది.

“నాకేం కనిపించట్లేదండీ. కాగితం కప్పేసి ఉంది.”

ఆ రాగం ఆ పిల్లకు రాదు. పెద్దవాళ్ళొచ్చే ముందు దాన్ని వల్లెవేయించిన ప్రతిసారీ ఆమె తోటలోనే ఉంది మరి. పుస్తకం రాసినాయన తిరిగి చూశాడు. కప్పిన కాగితాన్ని చూశాడు, క్లాసులో ముఖాలన్నిటినీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాగితం లాగేసి, గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. ఈసారి ప్రతి వాక్యం తరవాతా ఆయన చెయ్యెత్తలేదు. చెయ్యెత్తకపోతే రాగం రాలేదు. రాగం రాకపోతే పాఠం ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియలేదు. చివరికి ‘కింది అంకె పెరిగితే భిన్నం తగ్గును’ దగ్గరికొచ్చి ఆగి, ఆయనే వెనక బెంచీ వైపు చూశాడు.

“నీకేమైనా అడగాలని ఉందామ్మా?”

నిదానం టీచరు వైపు చూసింది. టీచరు తలూపింది.

“నాలుగు రెండుకంటే పెద్దది కదండీ. మరి నాలుగు కింద పెడితే చిన్నదెందుకైపోయింది?”

“అది... నియమమమ్మా.”

“ఆ నియమం ఎందుకొచ్చిందండీ?”

ఆయన పుస్తకం తిరగేశాడు. నియమం ఉంది, పెట్టెలో కట్టి, ముదురు అక్షరాల్లో ఉంది. ఎందుకన్నది మాత్రం లేదు. ఆయనకు తెలియక కాదు, ముప్ఫై ఏళ్ళుగా తెలిసీ తెలిసీ, అది తెలియనివాళ్ళుంటారన్న సంగతే మరిచిపోయాడు. “నిజమే, నేనది రాయలేదు” అన్నాడు. ఆ మాట ఆయన నోట వచ్చినందుకు ఆయనే ఆశ్చర్యపోయినట్టున్నాడు.

అప్పుడు ఇంకో వింత జరిగింది. మూడో బెంచీలోంచి సన్నటి గొంతొకటి “నాక్కూడా తెలీదండీ” అంది. రెండో బెంచీలోంచి “నాక్కూడా.” ఆ తరవాత ఎవరెవరో లెక్కలేదు. ఆ గదిలో ఏళ్ళ తరబడి ఎవరూ అనని మాట, ఒకళ్ళని చూసి ఒకళ్ళు, పండగ సెలవు దొరికినంత సంబరంగా అనేశారు.

*

స్టాఫ్ రూములో అధ్యక్షురాలు కుర్చీలో కూర్చోలేదు. గాజు బీరువా తలుపు తీసి, రెండో అరలోంచి పూసల పెట్టె బయటికి తీసింది. మూత తెరిచి ఒక ఎర్ర పూసను వేళ్ళ మధ్య తిప్పింది.

“హెడ్మాస్టరుగారూ, ఇది నేను చేసిందే, తెలుసా?”

“తెలుసండీ. అప్పుడు నేనిక్కడ కొత్త టీచర్ని. చాలా బ్రహ్మాండంగా జరిగింది ఆ ప్రయోగం.”

“ఇక్కడ బ్రహ్మాండంగా జరిగింది. ఇక్కడే జరిగింది. బయట ఏ ఒక్క బడిలోనూ నడవలేదు. ఎక్కడ తప్పిందో నాకు ఇన్నేళ్ళూ అంతుబట్టలేదు.” ఆవిడ పెట్టె మూసింది. “ఆ రోజు ఈ పిల్లలాంటి వాళ్ళంతా ఎక్కడున్నారండీ?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు హెడ్మాస్టరు ముందు రుమాలు వెతుక్కున్నాడు. టీచరు వైపు చూశాడు, ఆమె కళ్ళు దించలేదు. అబద్ధమాడడానికి దారులు చాలానే ఉన్నాయి. కానీ ఆయన చెడ్డవాడు కాదు.

“మొక్కలకి నీళ్ళు పోస్తున్నారండీ” అన్నాడు.

అధ్యక్షురాలి భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుని టీచరు ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ నవ్వుతోంది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వుతోంది. “మొక్కలు మాత్రం బాగా పెరిగాయి” అంది. ఆ నవ్వులో ఎంత బాధ ఉందో పక్కనున్న పుస్తకం రాసినాయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తరవాత ఆవిడ కూర్చుని రాసింది, రాస్తూ పైకి చదివింది. పుస్తకం తిరిగి వెళుతుంది. భిన్నాల పాఠం మళ్ళీ రాసి, మళ్ళీ ఇదే క్లాసులో చెప్పాలి. ఇక మీదట ప్రయోగ పాఠం నాడు క్లాసులో ఉండాల్సిన పిల్లల్లో ఒక్కరిని బయటికి పంపినా ఆ ప్రయోగం చెల్లదు. 

హెడ్మాస్టరు ముఖం కత్తివాటుకు నెత్తురు చుక్క లేనట్టుంది. “మా బడి పేరు పోయిందండీ” అన్నాడు మెల్లగా.

“పోవడమేమిటండీ? ఈ బడిలో ఇన్నాళ్ళకి మొదటి ప్రయోగం జరిగింది.” ఆవిడ టీచరు వైపు తిరిగింది. “మీరు ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?”

టీచరు చెప్పింది. మట్టిరోడ్డు, బస్సులు ఆగే చోటు, అట్టముక్కల పెట్టె, తనిఖీ అధికారి మాట, అన్నీ చెప్పింది. అధ్యక్షురాలు చివరి దాకా విని, “ఆ పిల్లలు మొద్దులు కారు. మీకూ చేతకాక కాదు. ఈ మాట మీకు ఎవరో ఎప్పుడో చెప్పి ఉండాల్సింది” అంది. ఇన్నేళ్ళుగా ఛాతీ మీదున్న బండను ఎవరో రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టినట్టు టీచరు గట్టిగా ఊపిరి తీసుకుంది.

*

పుస్తకం రాసినాయన శనివారమే వచ్చేశాడు. కారూ లేదు, పటమూ లేదు. క్లాసు వెనక నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పిల్లల మధ్య ఒక పిల్లాడిలా పొద్దంతా గడిపాడు. పొడుగు కాగితం పట్టీలు కత్తిరించి తెచ్చాడు. ఇద్దరికి పంచమన్నాడు, నలుగురికి పంచమన్నాడు, ఎనిమిదిమందికి పంచమన్నాడు. ఎవరు ఎక్కడ తికమక పడితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఆయన ప్యాంటు మోకాళ్ళు సుద్దపొడితో తెల్లబడ్డాయి. “ఈ పిల్లలు మూడేళ్ళ క్రితం దొరికి ఉంటే పుస్తకం ఆరు నెలల్లో అయిపోయేది” అని టీచరుతో అని, బండి దగ్గర ఆగి ఆ ప్యాంటుకు ఇస్త్రీ పెట్టించుకోవచ్చా అని అడిగితే, ఇస్త్రీ ఆమె ముందు ఉతికించుకు రమ్మంది.

రెండో ప్రయోగ పాఠం ఆ తరవాత వారంలో జరిగింది. బుధవారం ఎవరూ ముందస్తు పాఠం చెప్పలేదు. కమిటీ వచ్చింది. పాఠం పట్టీలతో మొదలైంది. “పంచుకునేవాళ్ళు ఇద్దరే అయితే ఎవరికెంత వస్తుంది? ఇంకో ఇద్దరు చుట్టాలు వచ్చి కూర్చున్నారనుకోండి, ఇప్పుడో?”

“తగ్గిపోయిందండీ!” అని ఎవరో నిజంగానే బాధపడ్డారు. అధ్యక్షురాలు నవ్వాపుకుంది.

“కింద రాసే అంకె ఆ పంచుకునేవాళ్ళదే” అని ఆయన బోర్డు మీద అంకె వేశాడు. నిదానం తన పట్టీని మడిచింది, మళ్ళీ మడిచింది, మడత మీద గోరుతో తల్లి ఇస్త్రీ పెట్టెతో రుద్దినట్టు రుద్దింది. విప్పి చూసుకుంది. కాసేపు ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె ముఖంలోకి మెల్లగా వెలుగొచ్చింది.

“ఓహో, జనం పెరిగారు కాబట్టి ముక్క చిన్నదైందా!” అంది, ఎవరితోనూ కాదు, తనతో తనే. టీచరుకు ఆ గదిలోనే గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది, అధ్యక్షురాలు కొట్టేసింది.

పుస్తకం రాసినాయన అలవాటుగా చెయ్యెత్తి “అర్థమైందా?” అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. కానీ రాగం రాలేదు. గది గదంతా ఆలోచిస్తోంది. “నాకైందండీ” అని ఒకరు, “నాకు కొంచెం అయిందండీ” అని ఒకరు. అంతలో మొదటి బెంచీలో మైకు లేచాడు. ఆ బడిలో అందరికన్నా ముందు అర్థమయ్యేది వాడికే. వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి, కానీ తల మాత్రం దించలేదు.

“నాకు అర్థం కాలేదండీ” అన్నాడు గట్టిగా. “ఎనిమిదిమంది దగ్గర తప్పిపోయాను.”

పుస్తకం రాసినాయన ముఖం వెలిగిపోయింది, పెన్సిలు కోసం జేబులు తడుముకున్నాడు. ఆయనకంటే ముందే నిదానం తన పట్టీ పట్టుకుని వెనక బెంచీ నుంచి నడుచుకుంటూ వచ్చి మొదటి బెంచీలో జరిగి కూర్చుంది. “చూడు, నేను మెల్లగా మడుస్తాను” అంది. మైకు ఆ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు.

టీచరు తన కళ్ళు ఎవరికీ కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది. బయట ఎండ పేలిపోతోంది. పిల్లలందరూ లోపలే ఉన్నారు కాబట్టి, హెడ్మాస్టరు ప్యాంటు పైకి మడుచుకుని, మగ్గు పట్టుకుని, ఒక్కో మొక్కకూ తనే నీళ్ళు పోస్తున్నాడు.